ఆయుధం పట్టడం, దించకపోవడం

వ్యక్తి అయినా, ఊరయినా, దేశమయినా ఆయుధాలు ఎందుకు కూడబెట్టుకుంటుందన్నది రాజనీతి ఎంత పాతదో అంత పాత ప్రశ్న. ఏథెన్స్ బలపడటం, దాన్ని చూసి స్పార్టా బెదరడం పెలొపొనీసియన్ యుద్ధానికి అసలు కారణాలని క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. రాజ్యాలను కదిలించేవి భయం, గౌరవం, ప్రయోజనం అని తన గ్రంథంలో ఏథెన్స్ ప్రతినిధుల చేత చెప్పించాడు. 1651లో వెలువడిన ‘లెవయతన్’లో థామస్ హాబ్స్ మనుషుల కలహాలకు చూపిన కారణాలూ ఇంచుమించు ఇవే: పోటీ, అపనమ్మకం, కీర్తికాంక్ష. కౌటిల్యుడి అర్థశాస్త్రం మనస్తత్వం జోలికి పెద్దగా పోదు. రాజ్యానికున్న ఏడు అంగాల్లో కోశం ఐదోది, దండం ఆరోది. ఖజానా ఉంటేనే సేన. సరిహద్దు కలిసిన రాజు సహజ శత్రువు, అతనికి అవతలి పొరుగువాడు సహజ మిత్రుడు. ఆ శత్రుత్వానికి కోపతాపాలతో పనిలేదు, ఎల్లలు కలిస్తే చాలు. ఆయుధం ఎందుకు పట్టారన్న ప్రశ్నకు ఈ జవాబులు నేటికీ సరిపోతాయి. కానీ పట్టిన కారణం తీరిపోయాక కూడా దాన్ని ఎందుకు దించరన్న ప్రశ్నకు ఇవి చాలవు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే సాయుధీకరణ మీద చర్చలు చాలావరకు ఎటూ తేలవు. ఆయుధ సంపాదన ఎక్కువగా భయంతోనే మొదలవుతుంది. అది కొనసాగడానికి మాత్రం ఉపాధి, ప్రతిష్ఠ, అలవాటు తోడవుతాయి. అన్నిటికీ మించి, ఆయుధం వదిలేశాక ఆపద వస్తే ఎవరు అడ్డుపడతారన్న సందేహం తీరకపోవడం అసలు కారణమవుతుంది.

మొదటి ప్రశ్నకు 20వ శతాబ్దపు పండితులు ఇచ్చిన పదునైన జవాబు ‘భద్రతా సందిగ్ధం’. జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన జాన్ హెర్జ్ 1950లో ఈ మాట వాడాడు. బ్రిటిష్ చరిత్రకారుడు హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ దాదాపు అదే సమయంలో ఇదే ఆలోచనకు వచ్చాడు. ఒక దేశం కేవలం తన రక్షణ కోసమే బలం పెంచుకున్నా, పొరుగు దేశానికి కనిపించేది బలమే, ఉద్దేశం కాదు. పొరుగు దేశమూ పెంచుకుంటుంది. చివరికి ఇద్దరి ఖర్చూ పెరిగి, ఇద్దరి భద్రతా తగ్గుతుంది. ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేకుండానే ఇదంతా జరగడం ఇందులోని విషాదం. దాడికి పనికొచ్చే ఆయుధానికీ రక్షణకు పనికొచ్చే ఆయుధానికీ తేడా తెలియని చోట ఈ సందిగ్ధం ముదురుతుందని, తేడా తెలిసే చోట సడలుతుందని 1978లో రాబర్ట్ జెర్విస్ వివరించాడు. కోటగోడ ఎవరినీ వెంటాడదు. యుద్ధనౌక ఎక్కడికైనా వెళ్తుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటన్, జర్మనీల మధ్య సాగిన నౌకాపోటీ దీనికి పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడూ కనిపించే ఉదాహరణ. నౌకాశాఖ అధిపతి టిర్పిట్జ్ ప్రోద్బలంతో జర్మనీ 1898లోనూ 1900లోనూ నౌకాదళ చట్టాలు చేసింది. 1906లో బ్రిటన్ ‘డ్రెడ్‌నాట్’ను నీటిలోకి దించి, ప్రపంచంలోని యుద్ధనౌకలన్నిటితో పాటు తన సొంత పాత నౌకలనూ ఒక్కసారిగా వెనకబడేలా చేసింది. అక్కడి నుంచి ఇద్దరి లెక్కా మళ్లీ మొదటికి వచ్చింది. 1909లో బ్రిటిష్ నౌకాశాఖ కొత్తగా ఆరు నౌకలు కావాలంది, ఖర్చుకు జంకిన మంత్రులు నాలుగు చాలన్నారు, పత్రికలూ ప్రతిపక్షమూ గోల చేశాక కట్టడానికి నిర్ణయించినవి ఎనిమిది. జర్మనీ నిజంగా కడుతున్న నౌకలకన్నా, కడుతుందేమోనని ఊహించిన నౌకలు ఈ సంఖ్యను ఎక్కువగా ప్రభావితం చేశాయి.

దక్షిణాసియా అణుచరిత్రను కూడా ఇలాంటి గొలుసుగానే చెప్పడం పరిపాటి. 1962లో చైనాతో యుద్ధంలో భారత్ దెబ్బతింది. 1964 అక్టోబర్ 16న చైనా లోప్ నోర్‌లో అణుపరీక్ష జరిపింది. 1971 డిసెంబర్‌లో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతుండగా అమెరికా విమానవాహక నౌక ‘ఎంటర్‌ప్రైజ్’ బంగాళాఖాతం వైపు వచ్చింది. 1974 మే 18న భారత్ పోఖరాన్‌లో పరీక్ష జరిపింది. యుద్ధంలో ఓడి దేశం రెండు ముక్కలైన పాకిస్థాన్‌లో అధ్యక్షుడు భుట్టో 1972 జనవరిలోనే ముల్తాన్‌లో శాస్త్రవేత్తలను సమావేశపరిచి బాంబు సంగతి ప్రస్తావించాడు. 1998 మే 11, 13 తేదీల్లో భారత్ మళ్లీ పరీక్షించింది. అదే నెల 28, 30 తేదీల్లో పాకిస్థాన్ బలూచిస్థాన్‌లో జవాబిచ్చింది. చైనాను చూసి భారత్, భారత్‌ను చూసి పాకిస్థాన్. వినడానికి బాగానే ఉంది. కానీ కాలెండర్ దీనికి లొంగదు. భయమే ఏకైక కారణమైతే చైనా బాంబుకూ మొదటి పోఖరాన్‌కూ మధ్య దాదాపు పదేళ్లు ఎందుకు? మొదటి పోఖరాన్‌కూ రెండోదానికీ మధ్య 24 ఏళ్లు ఎందుకు? 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె నడుస్తోంది, ఇందిరాగాంధీ ప్రభుత్వం ఉక్కిరిబిక్కిరవుతోంది. భాభా కాలం నుంచి బలపడిన అణుశక్తి యంత్రాంగం తన సామర్థ్యాన్ని చూపించుకోవాలనుకుంటోంది. 1967 జనవరి 1కి ముందు పరీక్షించిన ఐదు దేశాలకే అణ్వస్త్ర హోదా ఇచ్చిన వ్యాప్తి నిరోధక ఒప్పందం మన పాలకులకు కొత్త రకం అంటరానితనంగా కనిపించింది. అమెరికన్ పండితుడు స్కాట్ సేగన్ 1996లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతే చెప్పాడు: దేశాలు బాంబు తయారుచేయడానికి భద్రత ఒక కారణం, దేశం లోపలి రాజకీయాలు ఇంకొకటి, ప్రపంచంలో హోదా మరొకటి. భారత్ విషయంలో మొదటిదాన్ని కొట్టిపారేయలేం. అయితే భయం ప్రయోగశాలను సిద్ధం చేస్తే, పరీక్ష తేదీని నిర్ణయించింది మిగతా రెండూ అనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఆయుధం ఒకసారి చేతికొచ్చాక దాని చుట్టూ ఒక లోకం ఏర్పడుతుంది. 1961 జనవరి 17న పదవి నుంచి దిగిపోతూ అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసిన కూటమి ప్రాబల్యం గురించి హెచ్చరించాడు. రెండో ప్రపంచయుద్ధంలో సేనలను నడిపిన జనరల్ నోట ఆ మాట రావడం వల్లే అది నిలిచింది. అంతకు కొద్ది నెలల ముందు, క్షిపణుల్లో అమెరికా సోవియట్ యూనియన్ కన్నా వెనకబడిందన్న ప్రచారం ఎన్నికల్లో మారుమోగింది. నిజానికి ముందున్నది అమెరికాయే. ఆ సంగతి తేలాక కూడా క్షిపణుల తయారీ తగ్గలేదు. 1980ల నడిమికి ప్రపంచంలో అణు వార్‌హెడ్‌ల సంఖ్య 70,000 దాకా చేరింది. ఏ యుద్ధ వ్యూహానికీ అన్ని అక్కర్లేదు. మన దగ్గరా పరిశ్రమ బరువు తక్కువేమీ కాదు. 1970లో హైదరాబాద్‌లో భారత్ డైనమిక్స్, తర్వాత మిధానీ, అప్పటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో కవచ వాహనాల కర్మాగారం వచ్చాయి. 1983లో మొదలై అబ్దుల్ కలాం నడిపిన సమీకృత క్షిపణి కార్యక్రమానికి కేంద్రమూ హైదరాబాదే. దేశంలోనే నిర్మించిన తొలి అణు జలాంతర్గామి ‘అరిహంత్’ 2009లో విశాఖపట్నంలో జలప్రవేశం చేసింది. వేల కుటుంబాలకు ఇవి బతుకుతెరువు, తెలుగు యువ ఇంజనీర్లకు గౌరవప్రదమైన ఉద్యోగాలు. ఇది తప్పని కాదు. ఒక ఆయుధ కార్యక్రమాన్ని ఆపాలంటే శత్రువుతో సంధి ఒక్కటే చాలదని, దాని మీద బతికే ఊళ్లకూ సమాధానం చెప్పాల్సి వస్తుందని మాత్రమే దీని అర్థం. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ ‘సిప్రి’ లెక్కన 2024లో ప్రపంచ సైనిక వ్యయం 2,71,800 కోట్ల డాలర్లు. వరసగా పదో ఏడు కూడా పెరిగింది. 8,610 కోట్ల డాలర్లతో భారత్‌ది ఐదో స్థానం.

వ్యక్తుల విషయానికొస్తే అమెరికాను మించిన ఉదాహరణ దొరకదు. ‘స్మాల్ ఆర్మ్స్ సర్వే’ అంచనా ప్రకారం 2017లో అక్కడి పౌరుల దగ్గరున్న తుపాకులు 39 కోట్లకు పైనే, అంటే జనాభాకన్నా ఎక్కువ. తుపాకీ ఎందుకు పెట్టుకున్నారని 1999లో అడిగినప్పుడు దాదాపు సగం మంది వేట కోసమన్నారు, రక్షణ కోసమన్నవారు నాలుగో వంతు. 2013 నాటికి అది తారుమారై దాదాపు సగం మంది రక్షణ పేరు చెప్పారు. 2023లో ప్యూ సంస్థ సర్వేలో రక్షణే ముఖ్య కారణమన్నవారు 72 శాతం. ఇదంతా హింసాత్మక నేరాలు 1990ల తొలినాళ్ల శిఖరం నుంచి దాదాపు సగానికి పడిపోయిన కాలంలో జరిగింది. ప్రశ్నలు అచ్చంగా ఒకేలా లేకపోవచ్చు, కానీ మొగ్గు ఎటో అనుమానం లేదు. వేట తగ్గింది, తుపాకీ మిగిలింది, దానికి కొత్త కారణం వచ్చి చేరింది. ఆ కొత్త కారణం ఫలిస్తోందా అంటే, 2021లో అమెరికాలో తుపాకీ మరణాలు 48,830. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. బయటి దొంగ కోసం దాచిన ఆయుధం ఇంట్లోవారి మీదికే తిరగడం అక్కడ అరుదు కాదు. ఆస్ట్రేలియా 1996లో వేరే దారి పట్టింది. పోర్ట్ ఆర్థర్‌లో ఒక దుండగుడు 35 మందిని చంపాక ప్రభుత్వం దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. ఆ సంఖ్యకన్నా నిబంధనల్లోని ఒక అంశం మరింత గమనించదగింది. వేట, క్రీడ, వ్యవసాయ అవసరం వంటివి లైసెన్సుకు చెల్లుతాయి, ఆత్మరక్షణ చెల్లదు. నీ రక్షణ నా పని అని రాజ్యం లిఖితపూర్వకంగా చెప్పినట్లే.

వ్యక్తిని దేశంతో పోల్చడమే తప్పని ఒక ఆక్షేపణ ఉంది. మనిషికి పోలీసు స్టేషను, కోర్టు ఉన్నాయి, దేశాలకు పైన ఎవరూ లేరు అంటారు. కాగితం మీద నిజమే. స్టేషను ఉన్నా నమ్మకం లేని చోట మాత్రం మనుషులు చిన్నచిన్న రాజ్యాల్లాగే ప్రవర్తిస్తారు. రాయలసీమ గ్రామాల్లోని ఫ్యాక్షన్లే ఇందుకు సాక్ష్యం. ఒక వర్గం మనుషులను పోగుచేసి నాటుబాంబులు చుట్టిస్తే, అవతలి వర్గం వేటకొడవళ్లు సిద్ధం చేసుకుంటుంది. మొదట ఎవరు చేశారన్నది రెండు పక్షాలూ రెండు రకాలుగా చెబుతాయి. నీటి తగాదా, పంచాయతీ ఎన్నిక, సారా వేలం, కాంట్రాక్టు, ఏదైనా కారణం కావచ్చు. రెండు హత్యలయ్యాక మొదటి కారణం ఎవరికీ గుర్తుండదు, ఆయుధం వదిలితే ప్రాణం పోతుందన్న లెక్కే మిగులుతుంది. తెలుగు సినిమా దీన్ని మీసం మెలేయడంగా, సుమోలు గాల్లోకి లేవడంగా చూపించి పబ్బం గడుపుకుంది. లోపల ఉన్నది శౌర్యంకన్నా భయమేనని చెప్పిన సినిమాలు తక్కువ. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టర్ థామస్ మన్రో పాళెగాళ్ల సేనలను రద్దు చేశాడు. నేటి ఫ్యాక్షన్లు ఆ పాళెగాళ్ల వారసత్వమేనని చెప్పడం మామూలైపోయింది. రెండు శతాబ్దాల దూరాన్ని ఒక్క గీతతో కలపడం అంత తేలిక కాదు. పాత రక్షణ వ్యవస్థ పోయినా, దాని స్థానంలో ఊరు నమ్మే న్యాయం రాలేదన్నంత వరకే ఆ వాదనలో బలముంది.

తెలంగాణ సాయుధ పోరాటం ఈ చర్చను మరింత లోతుకు తీసుకెళ్తుంది, ఎందుకంటే అక్కడ ఆయుధం పట్టడం మీదా దించడం మీదా బాహాటంగానే వాదనలు జరిగాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో చనిపోయాడు. అప్పటికి రైతుల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు, కారం. రజాకార్ల దాడులు పెరిగాక, 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. రాజ్యమే పీడిస్తున్నప్పుడు ప్రజలు ఆయుధం పట్టక ఏం చేస్తారన్న వాదానికి ఇంతకన్నా బలమైన సందర్భం చూపడం కష్టం. 1791 నాటి అమెరికా రెండో రాజ్యాంగ సవరణను సమర్థించేవారి వాదం కూడా స్థూలంగా ఇదే. ప్రజల చేతిలో ఆయుధం లేకుండా చేయడం పాలకుల పాత అలవాటు కూడా. 1588లో జపాన్‌లో పాలకుడు హిదెయోషి రైతుల కత్తులు ఊడబెరికాడు. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించింది. కాబట్టి ఈ వాదాన్ని తేలిగ్గా తోసేయలేం. కానీ తెలంగాణ కథ అక్కడితో ముగియలేదు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ తీరింది. పట్టిన కారణాల్లో పెద్దది పోయింది. ఇక ఆపాలని రావి నారాయణరెడ్డి వంటివారన్నారు. ఆపితే వెనక్కి వస్తున్న దొరలు పంచిన భూములు లాక్కుంటారని మరికొందరన్నారు. కమ్యూనిస్టు పార్టీ లెక్క ప్రకారం పంచినవి 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు. అనుమానం అకారణం కాదు. మరో మూడేళ్లు పోరాటం సాగి, చాలామంది ప్రాణాలు పోయి, 1951 అక్టోబర్‌లో విరమణ ప్రకటన వచ్చింది. సైనిక ఒత్తిడి, మాస్కోతో సంప్రదింపులు అందుకు కారణాలే. వాటితో పాటు జాగీర్ల రద్దు, 1950 కౌలు చట్టం, దగ్గరపడుతున్న ఎన్నికలు ఆయుధం లేని దారి ఒకటి చూపించాయి. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.

ఆయుధాలే శాంతిని కాపాడుతున్నాయన్నది మరో ఆక్షేపణ. 1945 తర్వాత అగ్రరాజ్యాలు నేరుగా తలపడలేదు, అది బాంబు భయమే అంటారు. ఇందులో కొంత సత్యం ఉంది, కాదనడం మొండితనం. అయితే బాంబు పెద్ద యుద్ధాన్ని ఆపినా చిన్న యుద్ధాన్ని ఆపలేదు. 1998లో భారత్, పాకిస్థాన్ పరీక్షలు జరిపిన ఏడాదికే కార్గిల్ యుద్ధం వచ్చి, 500 మందికి పైగా భారత సైనికులు అమరులయ్యారు. 2025 మే నెలలో అవే రెండు దేశాలు నాలుగు రోజుల పాటు క్షిపణులు, డ్రోన్లు ప్రయోగించుకున్నాయి. అసలు భయం కన్నా దురాశతో ఆయుధం పట్టేవారి సంగతేమిటని అడిగేవారికి 1930ల జర్మనీయే సాక్ష్యం. హిట్లర్ సేనను పెంచింది ఎవరికో బెదిరి కాదు, ఆక్రమించడానికి. అలాంటివాడి ఎదుట సందిగ్ధ సిద్ధాంతం పనిచేయదు, నిరాయుధంగా ఉండటం ఆత్మహత్యే. చిక్కు ఏమిటంటే, ప్రతి దేశమూ తన పొరుగువాడు ఆ కోవకే చెందుతాడని అనుకుంటుంది.

ఆయుధం వదిలిన దేశాల చరిత్ర చూస్తే ఈ వ్యాసం వాదన మరింత తేటపడుతుంది. దక్షిణాఫ్రికా రహస్యంగా ఆరు అణుబాంబులు తయారుచేసింది. అంగోలాలో క్యూబా సేనలు ఉన్నంతకాలం వాటిని అట్టేపెట్టుకుంది. 1988 చివర ఆ సేనలు వెళ్లడానికి ఒప్పందం కుదిరాక, డీక్లార్క్ ప్రభుత్వం బాంబులను విప్పేసి 1993 మార్చిలో ప్రపంచానికి చెప్పింది. అధికారం నల్లజాతివారి చేతికి వెళ్లేముందు బాంబు వారికి దక్కకూడదన్న ఆలోచనా ఉందని అనుమానించేవారున్నారు, అది కొట్టివేయదగింది కాదు. బ్రెజిల్, అర్జెంటీనా 1991లో ఒకరి అణు కేంద్రాలను ఒకరు తనిఖీ చేసే ఉమ్మడి సంస్థ పెట్టుకుని పోటీ మానుకున్నాయి. కోస్టారికా 1948 డిసెంబర్ 1న సైన్యాన్నే రద్దు చేసింది. దాన్ని శాంతికాముకతకు ఆదర్శంగా చెప్పేవారు, అదే నెలలో నికరాగ్వా వైపు నుంచి చొరబాటు జరిగితే అమెరికా ఖండపు దేశాల ఉమ్మడి రక్షణ ఒప్పందాన్ని ఆ దేశం ఆశ్రయించిన సంగతి చెప్పరు. సైన్యం లేకపోవడానికి వెనక హామీ ఉంది. హామీ చిల్లుపడితే ఏమవుతుందో ఉక్రెయిన్ చూపించింది. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ ఇచ్చిన మాట మీద ఆ దేశం తన గడ్డ మీది సోవియట్ అణ్వస్త్రాలను వదులుకుంది. 2014లో క్రిమియా పోయింది, 2022లో పూర్తి యుద్ధం వచ్చిపడింది. ఆ అస్త్రాల మీటలు మాస్కో చేతిలో ఉండేవన్నది నిజమే గానీ, ఆ సంఘటన నుంచి ఇతర దేశాలు నేర్చుకున్న పాఠాన్ని ఆ వివరం మార్చలేదు. 2003లో అణు కార్యక్రమం వదులుకున్న లిబియా నేత గడాఫీ 2011లో హతమయ్యాడు. ఉత్తర కొరియా ఆ ఉదంతాన్ని ఇప్పటికీ ఉదహరిస్తుంది.

కాబట్టి నిరాయుధీకరణ ముందు జరిగి నమ్మకం తర్వాత వస్తుందనుకోవడం చరిత్రకు తలకిందులు. నమ్మకం అంటే మంచితనం మీద విశ్వాసం కూడా కాదు. తనిఖీ, లెక్క, మాట తప్పితే పడే దెబ్బ, ఆపదలో అడ్డుపడే మూడో మనిషి. ఆ మూడో మనిషి పోలీసు కావచ్చు, కోర్టు కావచ్చు, ఒప్పందం కావచ్చు. ఇవి ఎంత చిన్నవైనా పనికొస్తాయి. పరస్పరం అణుకేంద్రాలపై దాడి చేయరాదని భారత్, పాకిస్థాన్ 1988 డిసెంబర్ 31న సంతకం చేసిన ఒప్పందం 1991లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రెండు దేశాలూ 1992 నుంచి ఏటా జనవరి 1న తమ అణుకేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం తర్వాత వచ్చిన జనవరిలోనూ ఆ పని ఆగలేదు.